శూన్యాన్ని కొలిచిన గొరగనమూడి స్వామి

సెప్టెంబరు 21 స్వామి జ్ఞానానంద వర్ధంతి. పేరు చూసి ఇదేదో ఆశ్రమం కబురు అనుకుంటే తప్పు మీది కాదు. మేమూ అలాగే అనుకున్నాం. అనుకుని ఊరుకోక రిజిస్టరులో కూడా ఎక్కించాం.

కొన్నేళ్ళ క్రితం ఒక పాత ఇల్లు ఖాళీ చేస్తూ ఆ ఇంటివారు సంఘం గ్రంథాలయానికి రెండు అట్టపెట్టెల తెలుగు పుస్తకాలు ఇచ్చారు. జాబితా రాసింది మేమే. ముప్పై ఏళ్ళకు పైగా ఆఫీసు రిజిస్టర్లు నింపిన చెయ్యి కనుక గబగబా రాసేశాం. అందులో ఒక చిన్న జీవితచరిత్ర ఉంది. అట్ట మీద స్వామి బొమ్మ, పక్కన పేరు. లోపల ఒక్క పేజీ కూడా తిప్పకుండా విషయం అన్న కాలమ్‌లో ఆధ్యాత్మికం అని రాసి, వ్రతకథలకూ భజన పాటలకూ నడుమ పెట్టాం.

కిందటి సంక్రాంతికి మా సభ్యుల్లో ఒకరి మనుమరాలు చెన్నై నుంచి వచ్చింది. ఆమె అక్కడ భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. నాయనమ్మ ఏదో పూజావిధానం పుస్తకం కావాలని గ్రంథాలయానికి పంపితే, పక్కనున్న ఈ పుస్తకం కూడా పట్టుకుపోయింది. ఆ అమ్మాయి చదువంతా తమిళం, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం కూడబలుక్కునే. అయినా రాత్రంతా కూర్చుని చదివిందట. మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, తాతగారూ, అణు శాస్త్రవేత్తను తీసుకెళ్ళి వ్రతకథల్లో ఎందుకు పెట్టారు అని అడిగింది. తమ లైబ్రరీలో హై వాక్యూమ్ మీద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ఉందనీ, దాని మీద ఇదే పేరు చూశాననీ, ఎవరో ఉత్తరాది ఆయన కాబోలనుకున్నాననీ చెప్పింది. భీమవరం మనిషి అని ఆమెకు తెలియదు. ఇంత వయసు వచ్చిన మాకూ తెలియదు.

అప్పటి నుంచి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. సైన్సు సంగతుల్లో ఆ అమ్మాయి మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం మీద గీసి మరీ చెప్పింది. మేము కామర్సు చదివిన వాళ్ళం. పొరపాటు ఎక్కడైనా దొర్లితే అది మాది.

స్వామి జ్ఞానానంద పూర్వాశ్రమంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టారు. నర్సాపురం టేలర్ హైస్కూలులో చదివారు. ఆ కాలంలో హైస్కూలు చదువు దాటిన కుర్రవాడికి గుమాస్తా ఉద్యోగమో, ప్లీడరు పనో, లేదంటే సొంత వ్యవసాయమో ఉండేది. ఆయన ఏదీ ఎంచుకోలేదు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి హిమాలయాల దారి పట్టారు. దాదాపు పదేళ్ళు యోగాభ్యాసంలో, వేదాంత చింతనలో గడిపారు. ఆ పదేళ్ళ గురించి చెప్పుకునే కథలు చాలానే ఉన్నాయి. వాటి జోలికి మేము పోము. ఆ తర్వాత ఆయన చేసిన పని మాత్రం కాగితం మీద ఉంది, ప్రయోగశాలల్లో ఉంది. మాకు అది చాలు.

1927లో జర్మనీ వెళ్ళారు. వెళ్ళింది యోగం, వేదాంతం గురించి చెప్పడానికి. వెళ్ళినచోట భౌతికశాస్త్రం ఆయనను పట్టుకుంది. అప్పట్లో జర్మనీ అంతా ఐన్‌స్టయిన్ సాపేక్ష సిద్ధాంతం గురించిన చర్చే. పదార్థం అంటే ఏమిటి, శక్తి అంటే ఏమిటి అన్న ప్రశ్నలు హిమాలయాల్లో పదేళ్ళు కూర్చున్న మనిషికి కొత్తవేమీ కావు. వాటికి జవాబు లెక్క కట్టి, కొలిచి చెప్పవచ్చునన్నదే కొత్త. డ్రెస్డెన్‌లో గణితం, భౌతికశాస్త్రం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటింది.

ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలనిపిస్తోంది. మన ఇళ్ళలో ఇరవై రెండేళ్ళకు రెండు సబ్జెక్టులు అరియర్స్ పడితే పిల్లవాడి చదువు అయిపోయిందంటాం. ముప్పై దాటాక, అప్పటిదాకా నడిచిన దారికి సంబంధం లేని చదువు, పరాయి దేశంలో, పరాయి భాషలో మొదలుపెట్టిన మనిషి ఈయన. పైగా ఉద్యోగం కోసం కాదు.

జర్మనీ నుంచి ప్రేగ్ వెళ్ళారు. అక్కడ చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల వర్ణపటశాస్త్రంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ఎక్స్ కిరణం అంటే ఆసుపత్రిలో ఎముక ఫొటో తీసేదే. ఒక్కొక్క మూలకం తనదైన ఎక్స్ కిరణాలను వెదజల్లుతుంది. వాటి తరంగదైర్ఘ్యాన్ని ఖచ్చితంగా కొలిస్తే ఆ మూలకం పరమాణువు లోపలి అమరిక బయటపడుతుంది. వీటిలో తరంగదైర్ఘ్యం ఎక్కువగా ఉన్న మెత్తటి కిరణాలను గాలి మింగేస్తుంది. అందుకని కిరణం పుట్టే చోటు నుంచి ఫొటో పలక దాకా దారి పొడుగునా గాలి తీసేయాలి. అసలు ఎక్స్ కిరణాలను పుట్టించే గొట్టంలోనూ గాలి ఉండకూడదు.

అక్కడి నుంచి ఇంగ్లండులోని లివర్‌పూల్. న్యూట్రాన్‌ను 1932లో కనిపెట్టి 1935లో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ చాడ్విక్ అప్పుడు అక్కడి ఆచార్యుడు. ఆయన దగ్గర స్వామి బీటా కిరణాల మీద పని చేసి మరో డాక్టరేటు పొందారు. కొన్ని పరమాణువుల కేంద్రకాల నుంచి ఎలక్ట్రాన్లు వేగంగా దూసుకువస్తాయి. అవే బీటా కిరణాలు. వాటిని అయస్కాంతంతో వంచి, ఎంత వంగాయో చూసి, వాటి శక్తిని లెక్కకడతారు. దారిలో గాలి ఉంటే ఎలక్ట్రాను దాని అణువులను ఢీకొని అటూ ఇటూ పోతుంది, కొలత చెడుతుంది. మూలం సంగతీ అంతే. రేడియోధార్మిక పదార్థాన్ని మందంగా పూస్తే లోపలి నుంచి వచ్చే ఎలక్ట్రాను బయటపడేలోపే కొంత శక్తి పోగొట్టుకుంటుంది. అందుకని పొర చాలా పలచగా ఉండాలి. కొలిచే యంత్రం ఎంత గొప్పదైనా, మూలం సరిగ్గా తయారుకాకపోతే ఫలితం దండగ. ఈ మూలం అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

లివర్‌పూల్ తర్వాత అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కూడా బీటా కిరణాల మీదనే పనిచేశారు. ప్రేగ్ అయినా, లివర్‌పూల్ అయినా, మిషిగన్ అయినా, ఆయన రోజూ ముందు చేయవలసిన పని ఒక్కటే. గాలి తీయాలి. ఎంత తీశామో కొలవాలి. ఎక్కడ కారుతోందో వెతకాలి. ఇన్నేళ్ళ ఆ అనుభవంతో రాసిన ఇంగ్లీషు పుస్తకం 1947లో న్యూయార్క్‌లో వాన్ నోస్ట్రాండ్ ప్రచురణగా వచ్చింది. పేరు హై వాక్యువా. అంటే గాఢమైన శూన్యాలు అని. వాటి సూత్రాలు, తయారీ, కొలత అన్న మూడూ ఆ పేరులోనే ఉన్నాయి. రచయిత పేరు స్వామి జ్ఞానానంద అనే వేశారు. శూన్యం మీద స్వామి పుస్తకం అనగానే మాలాంటి వాళ్ళకు ఏం తోస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కానీ అది పంపుల పుస్తకం.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. అమ్మాయి చెప్పినప్పుడు మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మన చుట్టూ ఉన్న గాలి పాదరసాన్ని గొట్టంలో 760 మిల్లీమీటర్ల ఎత్తుకు నిలబెడుతుంది. ఒక చక్కెర బిళ్ళంత చోటులో, అంటే ఒక ఘన సెంటీమీటరులో, గాలి అణువులు 25 పక్కన 18 సున్నాలు పెడితే ఎంతో అన్ని. ఆ కిక్కిరిసిన చోట ఒక అణువు ఇంకొకదాన్ని తగలకుండా పోగలిగే దూరం మిల్లీమీటరులో పదివేల వంతు కూడా ఉండదు. మూర్‌మార్కెట్ దగ్గర సాయంత్రం నడిచిన వాళ్ళకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. పంపు పెట్టి పీడనాన్ని మిల్లీమీటరులో వెయ్యో వంతుకు దించితే, ఆ దూరం సుమారు 5 సెంటీమీటర్లకు పెరుగుతుంది. పది లక్షలో వంతుకు దించితే 50 మీటర్లు, మన వీధి అంత. వంద కోట్లో వంతుకు దించితే 50 కిలోమీటర్లు. అంటే ఎలవూరు స్టేషనులో బయలుదేరిన అణువు దాదాపు చెన్నై సెంట్రల్ దాకా దేన్నీ తగలకుండా పోతుంది. అంత ఖాళీ చేసిన తర్వాత కూడా ఆ చక్కెర బిళ్ళంత చోటులో ఇంకా మూడు కోట్ల అణువులు మిగిలే ఉంటాయి.

ఇంత గాలిని ఎలా తీస్తారు? మొదట మామూలు తిరుగుడు పంపు. అది వెయ్యో వంతు దాకా లాగి అలసిపోతుంది. ఆ తర్వాత డిఫ్యూజన్ పంపు. ఇందులో తిరిగే భాగమే లేదు. అడుగున పాదరసాన్నో, ప్రత్యేకమైన నూనెనో మరిగిస్తారు. దాని ఆవిరి పైకి లేచి, వేగంగా కిందికి చిమ్ముతుంది. దారిలో తగిలిన గాలి అణువులను తనతోపాటు కిందికి తోసుకుపోతుంది. చల్లని గోడకు తగిలి మళ్ళీ ద్రవమై అడుగుకు చేరుతుంది. 1915, 1916 ప్రాంతాల్లో జర్మనీలో గేడె, అమెరికాలో లాంగ్మ్యూర్ దీన్ని రూపొందించారు. నూనెతో నడిచే రకం 1928లో వచ్చింది. అంటే స్వామి ఐరోపాలో అడుగుపెట్టిన రోజుల్లో ఈ విద్య ఇంకా ఎదుగుతున్న వయసులో ఉంది. గాజు ఊదేవాడి నేర్పు మీదా, అతుకుల మీద పూసే గ్రీజు మీదా ఆధారపడిన పని అది.

గాలి తీయడం కన్నా కష్టం, ఎంత తీశామో చెప్పడం. అంత పలచని గాలిని మామూలు మీటరు చూడలేదు. వేడి తీగ నుంచి ఎలక్ట్రాన్లను పంపి, అవి మిగిలిన అణువులను కొట్టి పుట్టించే కరెంటును కొలిచే గేజీలు అప్పట్లో ఉండేవి. అవి మిల్లీమీటరులో పది కోట్లో వంతు దగ్గర మొరాయించేవి. లోపల ఎంత ఖాళీ అయినా ముల్లు అంతకన్నా దిగేది కాదు. గేజీలోనే పుట్టే బలహీనమైన ఎక్స్ కిరణాల వల్ల వచ్చే దొంగ కరెంటు అది. 1950లో బేయార్డ్, ఆల్పెర్ట్ అనే ఇద్దరు గేజీ లోపలి అమరిక మార్చి ఆ అడ్డు తీశారు. స్వామి పుస్తకం వచ్చిన మూడేళ్ళకే ఇది జరిగింది. కాబట్టి ఆ పుస్తకం ఈనాటికీ చివరి మాట అని మేము అనము. సాంకేతిక విద్యల్లో ఏ పుస్తకానికీ ఆ భాగ్యం ఉండదు. ఒక తరం మనుషులు ఆ పని నేర్చుకునే వేళకు చేతికి అందింది, అదే దాని విలువ.

స్వాతంత్ర్యం వచ్చిన వేళకు ఆయన దేశానికి తిరిగివచ్చారు. ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాల అప్పుడే లేస్తోంది. 1947 జనవరి 4న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభించారు. తొలి డైరెక్టరు మన తమిళనాడు వారే, రామన్‌తో కలిసి పనిచేసిన కె.ఎస్. కృష్ణన్. స్వామి ఆ ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా చేరారు.

1954లో వాల్తేరు వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అప్పుడు వి.ఎస్. కృష్ణ వైస్ ఛాన్సలరు. అక్కడ అణు భౌతికశాస్త్ర శాఖను నిలబెట్టింది స్వామి జ్ఞానానంద. దేశంలో విశ్వవిద్యాలయాల స్థాయిలో ఇలాంటి శాఖ అప్పటికి అరుదు. పంపులు, గేజీలు, మూలాలు తయారుచేసే గదులు, ఇవన్నీ నడపగల మనుషులు, అన్నీ ఒక్కొక్కటిగా సమకూర్చుకోవలసిన రోజులు. ఏ ఆఫీసులోనైనా కొత్త సెక్షను తెరిచి చూసిన వాళ్ళకు ఇందులో ఎంత తిరుగుడు ఉంటుందో తెలుసు. కుర్చీకి ఇండెంటు పెడితేనే ఏడాది. ఆయనకు కావలసినవి కుర్చీలు కావు. ఆ శాఖలో చదువుకున్న తెలుగు విద్యార్థులు పరిశోధకులయ్యారు, అధ్యాపకులయ్యారు. ఈనాడు అక్కడి అణు పరిశోధన ప్రయోగశాలలకు ఆయన పేరే ఉంది.

1969 సెప్టెంబరు 21న స్వామి జ్ఞానానంద కన్నుమూశారు. 72 ఏళ్ళు.

ఇక ఆ అమ్మాయి చేస్తున్న పని సంగతి. లేజరు వెలుగుతో పరమాణువులను చల్లబరిచి, ఒకచోట పట్టి నిలబెట్టడం. ఈ పనిని స్వామి చూడలేదు. లేజరు 1960లో వచ్చింది గానీ, దానితో పరమాణువులను చల్లబరచవచ్చునన్న ఆలోచన అచ్చులోకి వచ్చింది 1975లో. వెలుగు పరమాణువును తోయగలదన్నది మాత్రం పాత సంగతే. 1933లో హాంబర్గ్‌లో ఓటో స్టెర్న్ ప్రయోగశాలలో ఫ్రిష్ అనే ఆయన సోడియం పరమాణువుల ధారపైకి సోడియం దీపం వెలుగు పంపి, ధార ఒక వెంట్రుకవాసి పక్కకు జరగడం చూశారు. కొలిమిలో లోహాన్ని కాచి, చిన్న రంధ్రం గుండా పరమాణువులను గాలిలేని గొట్టంలోకి ధారగా వదిలే విద్యను పెంచి పోషించినవారు ఆ స్టెర్న్. ఆయన కూడా 1969లోనే, ఆగస్టు 17న, స్వామికన్నా నెల ముందు పోయారు.

అమ్మాయి వాడే లోహం రుబీడియం. 39 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే మన తిరువళ్ళూరు జిల్లాలో కత్తిరి ఎండల్లో బల్ల మీద పెడితే దానంతటదే కరిగిపోవాలి. కానీ బల్ల మీద పెట్టలేరు. గాలి తగిలితే అంటుకుంటుంది, నీళ్ళు తగిలితే పేలుతుంది. అందుకని గ్రాము రెండు గ్రాములు సీలు వేసిన గాజు గొట్టంలో వస్తుంది. ఆ గొట్టాన్ని అలాగే ఉక్కు గదిలోకి చేర్చి, గదిలోని గాలి అంతా తీసేశాక, బయటి నుంచి నొక్కి లోపలే పగలగొడతారు. దాన్ని కాస్త వేడి చేస్తే రుబీడియం ఆవిరి లేస్తుంది. అదే మూలం. మరో పద్ధతిలో రుబీడియం లవణాన్నీ, దాన్ని విడగొట్టే పొడినీ సన్నని లోహపు పడవలో నింపి, కొద్ది ఆంపియర్ల కరెంటు పంపుతారు. పడవ వేడెక్కితే రుబీడియం బయటికి వస్తుంది, కరెంటు ఆపితే ఆగుతుంది. కొళాయి తిప్పినట్టు.

మామూలు వేడిలోనే రుబీడియం పరమాణువు సెకనుకు 270 మీటర్ల వేగంతో పోతూంటుంది. ఎదురుగా వచ్చిన ఒక్కొక్క వెలుగు తునక దాని వేగాన్ని సుమారు 6 మిల్లీమీటర్లు మాత్రం తగ్గిస్తుంది. అంటే నిలబెట్టాలంటే నలభై అయిదు వేల సార్లు తొయ్యాలి. ఇదంతా సెకనులో చిన్న భాగంలో అయిపోతుంది. 1982లో ఫిలిప్స్, మెట్‌కాఫ్ సోడియం ధారను ఇలా నెమ్మది చేసి చూపారు. 1987లో లేజర్లూ అయస్కాంతమూ కలిపి పరమాణువులను పట్టి ఉంచే బోను తయారైంది. 1997లో స్టీవెన్ చూ, కోహెన్ తనూజీ, ఫిలిప్స్ గార్లకు నోబెల్ వచ్చింది. 1995లో కొలరాడోలో ఇదే రుబీడియంతో, సత్యేంద్రనాథ్ బోస్, ఐన్‌స్టయిన్ ఏడు దశాబ్దాల ముందు లెక్కకట్టి చెప్పిన కొత్త స్థితిని చేసి చూపారు. మన బెంగళూరులో రామన్ పరిశోధనా సంస్థలోనూ ఇలాంటి చల్లని పరమాణువుల ప్రయోగశాలలు నడుస్తున్నాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. పట్టి ఉంచిన చల్లని పరమాణువును మిగిలిపోయిన గాలి అణువు ఒక్కటి వచ్చి తగిలినా చాలు, బోనులోంచి ఎగిరిపోతుంది. గదిలో పీడనం పదింతలు తగ్గితే పరమాణువులు నిలిచే కాలం సుమారు పదింతలు పెరుగుతుంది. కాబట్టి గది ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది. కానీ పట్టడానికి పరమాణువులు కావాలి కదా, మూలం తెరిచి ఉంచాలి. మూలం ఎక్కువ తెరిస్తే దాని ఆవిరే గదిని నింపి, పట్టినవాటిని కొట్టి తరిమేస్తుంది. చాలామంది దీనికి రెండు గదులు కడతారు. ఒకదానిలో మూలం, రెండోదానిలో బోను. నడుమ సన్నని గొట్టం. ధార గొట్టం గుండా దూరి పోతుంది, చెల్లాచెదురు ఆవిరి మాత్రం మొదటి గదిలోనే ఆగిపోయి పంపులోకి పోతుంది. పరిశోధనలో తన మొదటి ఏడాదిన్నర లేజరు కోసం పోలేదనీ, ఈ గొట్టాలకూ, అతుకులకూ, పంపులకే పోయిందనీ అమ్మాయి చెప్పింది. ఆ మాటతోనే మాకు స్వామి పుస్తకం ఎందుకు రాశారో అర్థమైంది.

మన ఊరి వాళ్ళకు రుబీడియం మరీ పరాయిది కాదు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్టును మన మేడల మీద నుంచి చూసినవాళ్ళు ఉన్నారు. అది మోసుకుపోయిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారం ఉంది. అందులో లేజరుతో చల్లబరచడం లేదు, గాజు బుడ్డిలో పట్టిన రుబీడియం ఆవిరి ఉంది. చల్లబరిచిన పరమాణువులతో నడిచే గడియారం మాత్రం ఢిల్లీలో ఉంది. సీసియం పరమాణువులను లేజరుతో చల్లబరిచి, గాలి లేని గొట్టంలో పైకి ఎగరేసి, అవి ఫౌంటెను నీళ్ళలా కిందికి పడేటప్పుడు సెకనును కొలుస్తారు. భారత కాలమానాన్ని కాపాడే సంస్థ కట్టిన గడియారం అది. ఆ సంస్థ, స్వామి తిరిగివచ్చి చేరిన జాతీయ భౌతిక ప్రయోగశాలే.

రిజిస్టరులో ఆధ్యాత్మికం అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టి, భౌతికశాస్త్రం అని రాసి, పక్కన తేదీ వేసి చిన్న సంతకం పెట్టాం. ఆఫీసు అలవాటు. ఆ వర్గం కింద మన గ్రంథాలయంలో ఇప్పటికి ఈ ఒక్క పుస్తకమే ఉంది. అధ్యక్షుల వారు చూసి, ఆయన యోగి కూడా కదా, రెండు చోట్లా రాయవచ్చుగా అన్నారు. ఆ మాటా నిజమే. రాయలేదు. పుస్తకం ఒక్కటే కాపీ, బీరువాలో రెండు చోట్ల ఉండదు.

పోయిన ఆదివారం అమ్మాయి ఫోను చేసింది. ఉక్కు గది గోడలకు అంటుకున్న తేమ పోవడానికి బయట తాపన పట్టీలు చుట్టి పది రోజులుగా కాలుస్తున్నారట. పీడనం ఒకచోటికి దిగి ఆగిపోయిందట. ఎక్కడో కారుతోంది, ఏ అతుకో తెలియలేదు, ఒక్కొక్క అతుకు దగ్గరా హీలియం వదిలి చూస్తున్నామంది. ఆ చిన్న పుస్తకం ఇంకా తన దగ్గరే ఉందని, పొంగలుకు వచ్చినప్పుడు తిరిగి ఇస్తానని చెప్పింది. గడువు దాటింది, జరిమానా రాయలేదు.